మర చదివే రాత

చిన్న రోబోను నడపడానికి నేడు రెండు దారులున్నాయి. తెర మీద రంగురంగుల దిమ్మెలను వేలితో జరిపి ఒకదాని కింద ఒకటి అతికించడం ఒక దారి. ఒక్కో ఆజ్ఞనూ అక్షరాలు, అంకెలతో వరుసకు ఒకటిగా రాసుకుంటూ పోవడం రెండో దారి. పిల్లలు సాధారణంగా మొదటి దారిలో బయల్దేరి రెండోదానిలోకి వస్తారు, వచ్చిన చోట తడబడతారు. దిమ్మె అయితే తప్పు చోట అతుక్కోనని మొరాయిస్తుంది. రాతలో ఆ కాపలా ఉండదు. ఒక్క చుక్క తప్పినా బండి కదలదు. ఇలా మర కోసం వరుసగా రాసి పెట్టే పద్ధతికి కంప్యూటరు కంటే పాతదైన పుట్టిల్లు ఉంది. అది మగ్గం. మరమగ్గం, మరబొమ్మ, మరమనిషి అని మూడింటికీ ఒకే మాట ముందు తగిలించిన తెలుగువాడి నోటికి ఈ చుట్టరికం కొత్తగా తోచదు. ఆ చుట్టరికాన్ని మొదటి నుంచి చూడటానికి ఎమ్మిగనూరు లాంటి నేత ఊరు తగిన చోటు.

ఎమ్మిగనూరు ఇప్పుడు కర్నూలు జిల్లాలో ఉంది. 1953కు ముందు ఇది బళ్లారి జిల్లా ఆదోని తాలూకాలోని ఊరు. 1800లో నిజాం ఈ సీమనంతా ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాడు. దత్తమండలం అన్న పేరు అప్పుడే పడింది, థామస్ మన్రో మొదటి ప్రధాన కలెక్టరుగా వచ్చాడు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్లారి జిల్లా నుంచి ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఇటు వచ్చాయి. మిగిలిన జిల్లా మైసూరుకు పోయింది. సరిహద్దుకు అవతల, బళ్లారి జిల్లా కంప్లి వైపు, ఇదే పేరుతో మరో ఊరు కూడా ఉంది. గీత గీసింది ప్రభుత్వాలు గానీ సంతలు, పెళ్లి సంబంధాలు, నూలు బేరాలు గీతకు రెండు పక్కలా సాగుతూనే వచ్చాయి. ఇక్కడ తెలుగు మాట్లాడేవాడికి కన్నడం, కన్నడం మాట్లాడేవాడికి తెలుగు కొంతైనా చెవినపడి ఉంటాయి.

నల్లరేగడిలో పత్తి పండే సీమ ఇది. పక్కనే ఆదోని పత్తి మార్కెట్టు. కుర్ని, పద్మశాలి వంటి నేతకులాలు తరతరాలుగా గుంటమగ్గాల మీద బతికిన ఊళ్లు చుట్టూ ఉన్నాయి. ఈ బతుకు ఎంత సన్నని పోగు మీద నిలిచేదో 1876-78 నాటి ధాత కరువు చూపించింది. బళ్లారి, కర్నూలు జిల్లాలు ఆ కరువులో నలిగిపోయాయి. గింజల ధర పెరగ్గానే జనం మొదట మానుకునేది కొత్త బట్ట. కాబట్టి పొలం లేని నేతగాడికి కరువు రైతు కంటే ముందే వచ్చేది. నేతగాడికి నూలు అప్పుగా ఇచ్చి, నేసిన బట్టను తాను చెప్పిన ధరకు తీసుకునే షావుకారే దిక్కుగా చాలా కాలం నడిచింది. 1938లో మాచాని సోమప్ప ఎమ్మిగనూరు చేనేత సహకార ఉత్పత్తి విక్రయ సంఘాన్ని స్థాపించింది ఈ కట్టును విప్పడానికే. సంఘం నూలు ఇచ్చేది, బట్ట తీసుకునేది, కూలి కట్టించేది. ఎమ్మిగనూరు దుప్పట్లు, తువ్వాళ్లు సంఘం పేరుతో దూరదేశాల దాకా వెళ్లాయి. 1954లో సోమప్పకు పద్మశ్రీ వచ్చింది. ఊళ్లో కూడలికి ఈనాటికీ ఆయన పేరే ఉంది.

సహకార సంఘం అన్నది కూలి లెక్కల సంగతి మాత్రమే అనుకుంటే సగమే చూసినట్టు. ఒకే రకం దుప్పటి వంద ఇళ్లలో, వంద మగ్గాల మీద, ఒకే కొలతలో, ఒకే అంచుతో రావాలంటే ఆ దుప్పటి ఎలా నేయాలో ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి. తండ్రి చెయ్యి చూసి కొడుకు నేర్చుకునే పద్ధతి ఒక ఇంటికి చాలుతుంది, వంద ఇళ్లకు చాలదు. నూలు నంబరు ఎంత, అంగుళానికి పడుగు పోగులెన్ని, పేక పోగులెన్ని, అంచు ఎన్ని పోగుల దగ్గర మొదలవ్వాలి అన్నవన్నీ కాగితం మీదికి రావాలి. నేతలో రాతకు పెద్ద చోటు దొరికేది ఇలాంటి చోటే.

అన్నిటికంటే సులువైన రాత చారల పడుగు జాబితా. ఉదాహరణకు ఒక తువ్వాలుకు ఎరుపు 12, తెలుపు 4, ఎరుపు 12, తెలుపు 600, ఎరుపు 12, తెలుపు 4, ఎరుపు 12 అని రాసి ఉందనుకుంటే, పడుగు పోసేవాళ్లు పై నుంచి కిందికి చదువుకుంటూ పోగులు లెక్కపెట్టి పోస్తారు. బొమ్మ గీయనక్కర్లేదు. ఏడు అంకెల్లో రెండంచుల తువ్వాలు ఇమిడిపోయింది. అంకెల వరుస మారితే బట్ట మారుతుంది. 12 రాయాల్సిన చోట 21 అని రాస్తే ఆ తప్పు పడుగు పొడవునా, తువ్వాలు తర్వాత తువ్వాలుగా చివరి గజం దాకా వస్తుంది. రోబోకు ప్రోగ్రాం రాసేవారు మొదటి వారంలో తెలుసుకునే సత్యం కూడా ఇదే. మర రాసినదాన్ని చేస్తుంది, రాసినవారి మనసులో ఉన్నదాన్ని చేయదు.

పడుగు జాబితా మనిషి చదివే రాత. మర స్వయంగా చదివే రాత డాబీలో ఉంటుంది. సాదా నేతకు రెండు తొక్కుడు చెక్కలు చాలు. ఒకటి తొక్కితే సరి పోగులు లేస్తాయి, రెండోది తొక్కితే బేసి పోగులు లేస్తాయి, మధ్యలో నాడె దూసుకుపోతుంది. అంచులో చిన్న పువ్వో గళ్లో కావాలంటే పడుగును ఆరు, ఎనిమిది, పదహారు భాగాలుగా విడివిడిగా లేపాలి. అన్ని చెక్కలు తొక్కడానికి మనిషికి రెండే కాళ్లున్నాయి. డాబీ ఆ పనిని తన మీద వేసుకుంటుంది. మగ్గం పైన సన్నని చెక్కపట్టీల గొలుసు వేలాడుతుంది. ఒక్కో పట్టీకి వరుసగా బెజ్జాలు, కొన్ని బెజ్జాల్లో కొయ్య మేకులు. మేకు ఉన్న చోట ఆ భాగం పోగులు లేస్తాయి, లేని చోట లేవవు. ఒక పట్టీ అంటే ఒక పేక పోగు. తొక్కిన ప్రతిసారీ గొలుసు ఒక పట్టీ ముందుకు తిరుగుతుంది. చివరి పట్టీని మొదటి పట్టీకి కట్టేస్తారు కాబట్టి పువ్వు పూర్తయ్యాక గొలుసు మళ్లీ మొదటికి వచ్చి అదే పువ్వును మొదలుపెడుతుంది. నేతగాడు ఆపేదాకా అది తిరుగుతూనే ఉంటుంది. ఈ కట్టును గుర్తుపెట్టుకోవడం మంచిది, రోబో ప్రోగ్రాంలో ఇది మళ్లీ ఎదురవుతుంది.

ఈ ఆలోచన పెరిగింది ఫ్రాన్సులోని లియాన్ పట్టు మగ్గాల దగ్గర. 1725లో బాసిల్ బూషాన్ బెజ్జాలు పొడిచిన కాగితపు చుట్టతో పడుగును లేపే ఉపాయం కనిపెట్టాడు. కాగితం తొందరగా చినిగిపోయేది. మూడేళ్ల తర్వాత జాన్ ఫాల్కన్ దాని బదులు అట్టలను దారంతో గొలుసుగా కుట్టాడు. ఆ తర్వాత వచ్చిన జాక్ ద వోకాన్సాన్ కథ ఈ వ్యాసానికి నడిమి పోగు లాంటిది. అతడు మొదట పేరు తెచ్చుకున్నది మరబొమ్మలతో. వేణువు ఊదే మనిషిబొమ్మ, 1739లో రెక్కలాడిస్తూ గింజలు తినే లోహపు బాతు పారిస్ జనాన్ని కట్టిపడేశాయి. ప్రభుత్వం అతణ్ని పట్టు పరిశ్రమకు తనిఖీదారుగా వేసింది. బొమ్మల కోసం నేర్చిన విద్యను అతడు మగ్గం మీద పెట్టి 1745లో దానంతటదే నేసే మగ్గాన్ని తయారు చేశాడు. రోబోకూ మగ్గానికీ ఉన్న బంధాన్ని ఇప్పుడెవరూ కొత్తగా ఊహించి చెప్పనక్కర్లేదు. మరబొమ్మా, దానంతటదే నేసే మగ్గమూ ఒకే మనిషి చేతిలో నుంచి వచ్చాయి.

వోకాన్సాన్ మగ్గం వాడుకలోకి రాక పారిస్ సంగ్రహశాలలో మూలపడింది. దాన్ని చూసి, ఫాల్కన్ అట్టల గొలుసును దానికి జోడించి, జోసెఫ్ మరీ జకార్డు 1804లో నేతగాళ్లు నిజంగా వాడగలిగిన యంత్రాన్ని తెచ్చాడు. డాబీలో పోగుల భాగాలు పదో పదహారో ఉంటే జకార్డులో వందలు. ఒక్కో పేక పోగుకు ఒక్కో అట్ట. పడుగు పోగులను ఒక్కొక్కటిగా కూడా లేపవచ్చు కాబట్టి ఏ బొమ్మనైనా నేయవచ్చు. 1839లో లియాన్‌లో జకార్డు రూపచిత్రాన్నే పట్టులో నేశారు. దానికి పట్టిన అట్టలు సుమారు 24,000.

మన దేశంలోనూ నేతకు రాత ఉంది, అదీ అక్షరాల రాత. కాశ్మీరు శాలువాల, తివాచీల నేతలో దాన్ని తాలీం అంటారు. నక్కాష్ అనే చిత్రకారుడు గీసిన బొమ్మను తాలీం రాసేవాడు గుర్తుల వరుసలుగా మారుస్తాడు. ఏ రంగు, ఎన్ని పోగులు అన్నది ఒక్కో గుర్తు చెబుతుంది. మగ్గం దగ్గర ఒకరు దాన్ని పైకి చదువుతుంటే నేసేవాళ్లు వింటూ నేస్తారు. బొమ్మను కళ్లతో చూడకుండానే, వరుస తర్వాత వరుసగా విన్న రాత నుంచి శాలువా అంతా దిగుతుంది. ప్రోగ్రాం అన్న మాటకు ఇంతకంటే దగ్గరి దేశీ ఉదాహరణ దొరకడం కష్టం.

మద్రాసు రాజధానిలో ఇరవయ్యో శతాబ్ది మొదటి ఏళ్లలో ఆల్ఫ్రెడ్ ఛాటర్టన్ వంటి అధికారులు చేనేతకు తాడు లాగి నాడెను పరిగెత్తించే పద్ధతిని అలవాటు చేయడానికి పూనుకున్నారు. ఇంగ్లండులో జాన్ కే 1733లో కనిపెట్టిన పద్ధతి అది, ఇక్కడికి రావడానికి దాదాపు నూట డెబ్బై ఏళ్లు పట్టింది. డాబీ, జకార్డు కూడా తెలుగు నేత కేంద్రాలకు చేరాయి. ధర్మవరం పట్టుచీర కొంగు మీద హంసలు, మామిడిపిందెలు అట్టల గొలుసు చదివి నేసినవే. దుప్పటి, తువ్వాలు నేసే చోట డాబీ సరిపోతుంది. జకార్డు ఖర్చు వాటి ధరకు మించిపోతుంది.

అట్టలు మగ్గం దాటి లెక్కల మరలోకి వెళ్లిన దారి అందరికీ తెలిసిందే, త్వరగా చెప్పుకోవచ్చు. చార్లెస్ బాబేజ్ 1830లలో తలపెట్టిన లెక్కల యంత్రానికి ఆజ్ఞలు అట్టల మీదే ఇవ్వాలని నిర్ణయించుకున్నాడు. పట్టులో నేసిన జకార్డు రూపచిత్రం ఒకటి అతని ఇంట్లో ఉండేది. 1843లో ఏడా లవ్‌లేస్ ఆ యంత్రంపై రాసిన వివరణల్లో దాన్ని జకార్డు మగ్గంతో పోల్చి చెప్పింది. దానికి ఇవ్వాల్సిన ఆజ్ఞల పట్టికను కూడా వరుసగా రాసి పెట్టింది. 1890 అమెరికా జనగణనలో హెర్మన్ హాలరిత్ బెజ్జాల అట్టలతో కోట్ల మంది లెక్క తీశాడు. 1957లో ఐబీఎం నుంచి ఫోర్ట్రాన్ వచ్చాక ప్రోగ్రాం మనిషి చదవగలిగే మాటలు, సూత్రాల రూపంలోకి వచ్చింది. ఆ ప్రోగ్రాం ఎక్కడ రాసేవారన్నది మాత్రం ఆగి చూడదగ్గది. ఒక్కో వరుసను ఒక్కో అట్ట మీద పొడిచేవారు, అట్టకు 80 గళ్లు. వరుస అంటే అట్ట, అట్ట అంటే వరుస. ఇవాళ ప్రోగ్రాంలో ఒక వరుసకు ఒక ఆజ్ఞ రాసే అలవాటు వెనక ఆ అట్ట, దాని వెనక లియాన్ మగ్గంలో పేక పోగుకో అట్ట ఉన్నాయి. అట్టల కట్ట చెయ్యిజారి కింద పడితే వరుస చెదిరి ప్రోగ్రాం పాడైపోయేది. గొలుసు కుట్టు ఎందుకు కావాలో లియాన్ నేతగాళ్లకు అంతకు రెండు శతాబ్దాల ముందే తెలుసు.

రోబో వైపు కథ వేరే చోట సాగింది. ఆ మాటను 1920లో చెకొస్లొవాకియా రచయిత కారెల్ చాపెక్ తన నాటకంలో వాడాడు. 1940ల చివర ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో గ్రే వాల్టర్ రెండు చిన్న చక్రాల తాబేళ్లను చేశాడు. వెలుగు వైపు నడిచేవి, ఏదైనా తగిలితే పక్కకు తిరిగేవి. వాటిలో ఏ రాతా లేదు. స్వభావమంతా తీగల అమరికలోనే ఉండేది. స్వభావం మార్చాలంటే తీగలు మార్చాలి.

రాత వచ్చింది 1967లో. అమెరికాలోని కేంబ్రిడ్జిలో వాలీ ఫోర్‌జీగ్, సేమూర్ పాపర్ట్, సింథియా సాలమన్ పిల్లల కోసమని లోగో అనే భాషను తయారు చేశారు. కొన్నేళ్లలో ఆ భాషతో నేల మీద నడిచే తాబేలు రోబో వచ్చింది. దాని కడుపు కింద పెన్ను ఉండేది. ఫార్వర్డ్ 100 అని రాస్తే నూరు అడుగులు ముందుకు, రైట్ 90 అని రాస్తే కుడికి మూలమట్టంగా తిరిగేది. రిపీట్ 4 అని రాసి ఆ రెండింటినీ కుండలీకరణంలో పెడితే కాగితం మీద చతురస్రం గీసేది. పాపర్ట్ జెనీవాలో జీన్ పియాజే దగ్గర పనిచేసినవాడు. పిల్లవాడు తన ఒంటిని తాబేలు చోట ఊహించుకుని, తాను ఎటు తిరగాలో ఆలోచించి రాయగలడని అతని నమ్మకం. ఆ నమ్మకం గట్టిది. గదిలో నిలబడి నాలుగు అడుగులు వేసి, కుడికి తిరిగి, మళ్లీ నాలుగు అడుగులు వేసిన పిల్లకు చతురస్రం సూత్రం పుస్తకం చెప్పకుండానే కాళ్లకు తెలుస్తుంది.

ఈ కథలో తెలుగువాడు కూడా ఉన్నాడు. చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టిన రాజ్ రెడ్డి గిండీ ఇంజినీరింగ్ కళాశాలలో చదివి అమెరికా వెళ్లారు. 1979లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో రోబోటిక్స్ సంస్థకు మొదటి సంచాలకులయ్యారు. 1980ల మొదట్లో పారిస్‌లో ఫ్రెంచి ప్రభుత్వం పెట్టిన కంప్యూటర్ల ప్రపంచ కేంద్రంలో ఆయన ప్రధాన శాస్త్రవేత్త. లోగో తాబేలును తయారు చేసిన పాపర్ట్ కూడా ఆ కేంద్రం పనిలో ఉన్నాడు. పేద దేశాల పిల్లలకు కంప్యూటరు అందించాలన్నది వాళ్ల ప్రయత్నం. ఆ పనికి 1984లో ఫ్రాన్సు రాజ్ రెడ్డికి లీజియన్ ఆఫ్ ఆనర్ ఇచ్చింది, పదేళ్ల తర్వాత ట్యూరింగ్ పురస్కారం వచ్చింది. 2008లో ఆంధ్రప్రదేశ్ గ్రామీణ విద్యార్థుల కోసం రాజీవ్ గాంధీ సాంకేతిక విశ్వవిద్యాలయం పెట్టినప్పుడు ఆయనే మొదటి కులపతి. దాని ప్రాంగణాల్లో ఒకటి రాయలసీమలోనే, ఇడుపులపాయ దగ్గర ఉంది.

భారత బడుల్లో కంప్యూటరు 1984లో క్లాస్ పథకంతో అడుగుపెట్టింది. వచ్చినవి బీబీసీ మైక్రోలు, వాటి మీద రాసేది బేసిక్ భాష. అయితే రోబో అప్పట్లో మన బడికి రాలేదు. 1998లో లెగో సంస్థ పాపర్ట్ పుస్తకం పేరునే పెట్టుకుని మైండ్‌స్టార్మ్స్ అనే రోబో పెట్టెను అమ్మకానికి తెచ్చింది. దానితో ఇచ్చినది దిమ్మెల పద్ధతి. దిమ్మెలతో తనివి తీరనివారి కోసం డేవ్ బామ్ అదే పెట్టెకు అక్షరాలతో రాసే ఎన్‌క్యూసీ అనే భాషను చేసి ఇచ్చాడు. దిమ్మెల నుంచి రాతకు వచ్చే బాట అప్పటికే పడిందన్నమాట. 2007లో స్క్రాచ్ వచ్చాక దిమ్మెలతో మొదలుపెట్టడం లోకమంతటా మామూలైంది.

మైండ్‌స్టార్మ్స్ వచ్చిన కాలంలోనే తెలుగు నేలమీద మగ్గం వైపు నుంచి ఒక మర వచ్చింది. పోచంపల్లి చీరకు రంగు కట్టే ముందు పోగులను అర్ధచంద్రాకారంలో మేకుల చుట్టూ తిప్పి ఆసు పోయాలి. ఒక్క చీరకు చెయ్యి సుమారు 9,000 సార్లు అటూ ఇటూ ఆడాలి. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం భుజం నొప్పితో బాధపడుతున్న తల్లిని చూసి ఏళ్ల తరబడి శ్రమపడి 1999లో ఆ పని చేసే యంత్రాన్ని తయారు చేశారు. తల్లి పేరుతోనే దానికి లక్ష్మీ ఆసు యంత్రం అని పేరు పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. మల్లేశం చదువు బడితోనే ఆగిపోయింది. ఒక మేకు చుట్టూ పోగు తిప్పు, పక్క మేకుకు జరుగు, ఇన్నిసార్లు మళ్లీ చెయ్యి. ఆ యంత్రం చేసే పనిని మాటల్లో పెడితే ఇలాగే ఉంటుంది. ఆసు పోసే ఇంట్లో పుట్టినవాడికి ఈ వరుసను ఎవరూ నేర్పనక్కర్లేకపోయింది.

రాతతో రోబోను నడపడం సామాన్యుడి చేతికి వచ్చింది ఆర్డుయినోతో. 2005లో ఇటలీలోని ఇవ్రియాలో మాసిమో బాంజీ, డేవిడ్ క్వార్టియెల్స్, వారి సహచరులు చదువుకునే పిల్లల కోసం చవక బోర్డును తయారు చేశారు. ఎర్నాండో బర్రగాన్ అంతకు ముందే చేసిన వైరింగ్ అన్నది దానికి పునాది. బోర్డు పటాన్ని దాచకుండా బయటపెట్టారు కాబట్టి ఎవరైనా చేసి అమ్ముకోవచ్చు. అందుకే అది కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది. నీతి ఆయోగ్ కింద 2016లో మొదలైన అటల్ ఇన్నొవేషన్ మిషన్ ఎంపిక చేసిన బడులకు 20 లక్షల రూపాయల దాకా ఇచ్చి ప్రయోగశాలలు పెట్టించింది. ఆరు నుంచి పన్నెండో తరగతి పిల్లలకు ఉద్దేశించిన ఆ గదుల్లో ఆర్డుయినో బోర్డులు, మోటార్లు, సెన్సార్లు పెట్టెలుగా వచ్చాయి. దేశమంతా అలాంటి ప్రయోగశాలలు 10,000కు చేరాయి.

ఆ బోర్డు మీద మొదటి ప్రోగ్రాం ఎలా ఉంటుందో దగ్గరగా చూడాలి. ఆర్డుయినోలో ఊనో అనే రకం బోర్డులోని చిప్‌కు ప్రోగ్రాం దాచుకునే చోటు 32 కిలోబైట్లు, పనిచేసేటప్పుడు అంకెలు పెట్టుకునే చోటు 2 కిలోబైట్లు. ఇంత చిన్న చోటే రెండు చక్రాల బండికి పుష్కలం. రాత రెండు భాగాలు. సెటప్ అన్న భాగం మొదట ఒకే ఒక్కసారి నడుస్తుంది. బోర్డులో ఏ కాలికి (పిన్‌కు) మోటారు తగిలించారో, ఏ కాలికి సెన్సార్ తగిలించారో అక్కడ చెప్పాలి. లూప్ అన్న భాగం ఆ తర్వాత కరెంటు ఉన్నంతసేపూ పై నుంచి కిందికి, మళ్లీ పై నుంచి కిందికి నడుస్తూనే ఉంటుంది. నేత ఊరి పిల్లకు ఇది ఇంటి సంగతి. మగ్గానికి కొత్త పడుగు ఎక్కించేటప్పుడు పాత పడుగు కొసలకు కొత్త పోగులను ఒక్కొక్కటిగా మెలిపెట్టి అచ్చు అతుకుతారు. వేల పోగులు, రోజంతా పని, కానీ పడుగుకు ఒకే ఒక్కసారి. అది సెటప్. అతికాక నాడె ఆడటం మొదలవుతుంది, డాబీ గొలుసు చుట్టు తర్వాత చుట్టు తిరుగుతుంది. అది లూప్. చివరి పట్టీని మొదటి పట్టీకి కట్టిన ముడి చేసే పనినే ఇక్కడ లూప్‌ను మూసే కుండలీకరణం చేస్తుంది.

లూప్‌లో ముందుగా రాసేవి అయిదు వరుసలు. డిజిటల్‌రైట్(5, హై), అంటే అయిదో కాలికి కరెంటు ఇవ్వు, ఎడమ మోటారు తిరుగుతుంది. ఆరో కాలికీ అలాగే రాస్తే కుడి మోటారు. డిలే(1000), అంటే వెయ్యి మిల్లీసెకన్లు, అంటే ఒక సెకను, అలాగే ఉండు. తర్వాత ఒక మోటారును లో చేసి మళ్లీ డిలే రాస్తే బండి తిరుగుతుంది. ఇలాంటి ప్రతి వరుస చివరా చుక్క-కామా (;) ఉండాలి. అది లేకపోతే కంప్యూటరు ప్రోగ్రాంను బోర్డుకు పంపనే పంపదు. తప్పు ఫలానా వరుసలో ఉందని చూపించినా, చాలాసార్లు అది నిజంగా తప్పిన వరుసకు కింది వరుసనే చూపిస్తుంది. ఎందుకంటే పై వరుస ముగియలేదని మరకు తెలిసేది కింది వరుస చదివాకే. కొత్తవాళ్లు గంటల తరబడి తప్పు లేని వరుసను తిప్పి తిప్పి చూసేది ఇక్కడే. ఒక వరుస పైకి చూడమని చెప్పే పెద్దదిక్కు ఉంటే సగం దిగులు పోతుంది.

రాత సరిపోయి బండి నేల మీదికి వచ్చాక వేరే పాఠం మొదలవుతుంది. రెండు మోటార్లూ ఒకే కంపెనీవి, ఒకే రోజు కొన్నవి, అయినా బండి నిటారుగా పోదు, మెల్లగా ఒక పక్కకు ఒరుగుతుంది. పసుపు రంగు చవక మోటార్లలో రెండు ఒక్కలా ఉండవు. దిమ్మెలతో ఆడేటప్పుడు విసుగు తెప్పించే ఈ ఒరుగుడు రాతలో తేలిక. వేగాన్ని 0 నుంచి 255 దాకా అంకెతో చెప్పవచ్చు కాబట్టి ఒక చక్రానికి 180, రెండో దానికి 172 రాసి, పరుగెత్తించి, మళ్లీ సవరించాలి. మలుపు ఇంకా మొండిది. కొత్త బ్యాటరీతో 400 మిల్లీసెకన్లకు బండి సరిగ్గా మూలమట్టంగా తిరిగితే, అరగంట ఆడాక అదే 400కు అంత తిరగదు. రాత మారలేదు, బ్యాటరీ బలం తగ్గింది. కాలం లెక్కతో నడిచే బండి గుడ్డిది.

మగ్గానిదీ అదే గుడ్డితనం. డాబీ, జకార్డు వరుస తప్పకుండా చదువుతాయి, కానీ పోగు తెగితే వాటికి తెలియదు. తెగిన పోగును చూసేది నేతగాడి కన్ను, ఆపేది అతని చెయ్యి. ఆ కన్నును మరకు ఇవ్వడానికి చాలా కాలం పట్టింది. పడుగులో పోగు తెగగానే ఆగిపోయే నార్త్రప్ మగ్గం అమెరికాలో 1894లో వచ్చింది. జపానులో సకీచీ టొయోడా 1924లో తెచ్చిన జీ రకం మగ్గం పోగు తెగినా ఆగేది, కండె అయిపోతే పరుగు ఆపకుండానే నాడెను మార్చుకునేది. ఒక్కో పోగు మీద సన్నని రేకు వేలాడుతుంది. పోగు బిగువుగా ఉన్నంతసేపూ రేకు పైనే ఉంటుంది, తెగితే జారి పడి మగ్గాన్ని ఆపుతుంది. పోగు తెగితే ఆగు. ఇందులో ఒక షరతు ఉంది, దాని వెనక ఒక ఆజ్ఞ ఉంది. రోబో ప్రోగ్రాంలో ఇఫ్ అన్న మాట చేసేది ఇదే పని. వరుసా చుట్టూ మగ్గం మీద కనిపించినట్టే షరతునూ మగ్గం మీద చూడవచ్చు.

చిన్న బండిలో షరతుకు మొదటి తావు నల్లగీత వెంట నడిచే ఆట. బండి ముందు భాగం కింద గీతకు ఇటూ అటూ రెండు పరారుణ సెన్సార్లు ఉంటాయి. తెల్ల నేల వెలుగును తిరగగొడుతుంది, నల్లగీత మింగేస్తుంది. ఎడమ సెన్సార్‌కు నలుపు తగిలితే ఎడమకు తిరగాలి, కుడిదానికి తగిలితే కుడికి తిరగాలి, రెంటికీ తగలకపోతే నేరుగా పోవాలి, రెంటికీ తగిలితే ఆగాలి. నాలుగు షరతులు, ఇంకేమీ లేదు. ఇప్పుడు బ్యాటరీ తగ్గినా బండి తప్పిపోదు, కాస్త నెమ్మదిస్తుంది అంతే.

ఇటీవలి ఏళ్లలో ఈ రాత మరింత సులువైంది. 2013లో డేమియన్ జార్జ్ మొదలుపెట్టిన మైక్రోపైథాన్ వల్ల చిన్న బోర్డుల మీదా పైథాన్ రాయవచ్చు. 2021 జనవరిలో నాలుగు డాలర్లకు వచ్చిన పీకో బోర్డు దాన్ని బడి పిల్లల దగ్గరికి తెచ్చింది. చుక్క-కామా అక్కర్లేదు, కుండలీకరణాల బదులు వరుసను లోపలికి జరిపి రాస్తే చాలు. ప్రోగ్రాంను మొత్తంగా పంపక ముందే ఒక్కొక్క వరుసను కొట్టి అప్పటికప్పుడే చక్రం తిరగడం చూడవచ్చు. 1970లలో లోగో తాబేలు ముందు కూర్చున్న పిల్లలకు ఉన్న సుఖం ఇదే. కంప్యూటరు మీది పైథాన్‌లో 2008 నుంచి పేర్లను తెలుగు అక్షరాల్లోనూ పెట్టుకోవచ్చు. ఎడమ_చక్రం అని రాసినా అది చదువుతుంది. ఇఫ్, వైల్ వంటి మూలపు మాటలు మాత్రం ఇంగ్లీషువే. తెలుగు బడికైనా కన్నడ బడికైనా అవి ముప్పై అయిదే ఉంటాయి కాబట్టి నోటికి పట్టడానికి ఎక్కువ రోజులు పట్టదు.

కర్నూలు జిల్లాలో గీత ఆటకు ఒక సొంత చిక్కు ఉంది. ఇక్కడి ఇళ్లలో, బడుల్లో నేల మీద చాలా చోట్ల ముదురు రంగు నాపరాళ్లు. వాటి మీద నల్ల టేపు అంటిస్తే సెన్సార్‌కు నేలకూ గీతకూ తేడా దొరకదు, బండి పిచ్చిపట్టినట్టు తిరుగుతుంది. కొందరు తెల్ల చార్టులు పరిచి వాటి మీద గీత వేస్తారు. దిమ్మెల్లో తయారుగా వచ్చిన గీత ఆట అయితే అంతకు మించి దారి ఉండకపోవచ్చు. రాసుకున్న ప్రోగ్రాం అయితే ముందు సెన్సార్ చదివే అంకెను తెర మీద చూడవచ్చు, అది 0 నుంచి 1023 మధ్య ఏదో ఒకటి చూపిస్తుంది. నాపరాయి మీద ఎంత, తెల్ల టేపు మీద ఎంత అని రెండు అంకెలు చూసి, వాటి నడిమి అంకెను షరతులో రాయాలి. టేపును నలుపు నుంచి తెలుపుకు మార్చి, షరతులో పెద్ద గుర్తు ఉన్న చోట చిన్న గుర్తు రాస్తే, చార్టు లేకుండానే బండి నాపరాళ్ల మీద తెల్లగీత వెంట నడుస్తుంది.